భూమిలో ఉన్న 11 కేవీ కేబుల్‌లో ఫాల్ట్ ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

అనంతపురం, మదనపల్లె, కర్నూలు వైపు నుంచి వచ్చి బెంగళూరులో హెచ్‌టీ (అధిక వోల్టేజీ) కేబుల్ పనుల్లో కుదురుకున్న మనవాళ్ళు చాలామందే ఉన్నారు. వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ రోడ్డు, ఎలక్ట్రానిక్ సిటీ వైపు పెద్ద అపార్ట్‌మెంట్ల ప్యానెల్ రూముల్లో తెలుగు మాట తరచుగా వినిపిస్తుంది. ఊళ్ళో స్తంభాలెక్కి పని నేర్చుకుని వచ్చినవాళ్ళను ఇక్కడ మొదట తికమక పెట్టేది భూగర్భ కేబులే. స్తంభాల మీది లైను తెగితే కంటికి కనిపిస్తుంది. కేబుల్ అలా కాదు. పైన రోడ్డు, ఫుట్‌పాత్, చెట్లు అన్నీ మామూలుగానే ఉంటాయి. లోపల ఎక్కడో వేలెడంత మేర ఇన్సులేషన్ కాలిపోయి ఉంటుంది. దానికోసం కిలోమీటరు రోడ్డు తవ్వలేం కదా.

ఈ పనిలో నేను గట్టిగా నమ్మేది ఒకటుంది: ఒక ఫాల్ట్‌కి ఒక గొయ్యే పడాలి. అలా జరగాలంటే నాలుగు ప్రశ్నలకు వరసగా జవాబు రావాలి. ఫాల్ట్ ఫీడర్‌లో (సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే సరఫరా లైనులో) ఏ ముక్కలో ఉంది? అది ఏ రకం ఫాల్ట్? ఈ చివర నుంచి సుమారు ఎన్ని మీటర్లు? ఆ మీటర్లలో సరిగ్గా ఏ చోట? ఒక ప్రశ్న దాటేసి తర్వాతి దానికి వెళ్తే ఆ రాత్రి మిగిలేవి మూడు గోతులు, ట్రాఫిక్ పోలీసుల ఫోన్లు.

చేయి పెట్టే ముందు

ఇది లైసెన్సు, అనుమతి ఉన్న టీముతో కలిసి పనిచేసేవాళ్ళ కోసం రాస్తున్నాను. అపార్ట్‌మెంట్ ఎలక్ట్రీషియన్ ఒక్కడే మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం చూసే మిషను) పట్టుకుని ఆర్‌ఎంయూ (రింగ్ మెయిన్ యూనిట్, కేబుళ్ళు కలిసే స్విచ్‌ల పెట్టె) తలుపు తెరిచే పని కాదు.

ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆఫ్ చేశాం, పని చేసుకోవచ్చని ఇచ్చే అనుమతి) రెండు చివర్ల నుంచీ తీసుకోండి. బెంగళూరులో చాలా 11 కేవీ ఫీడర్లు రింగులో ఉంటాయి. 66 కేవీ సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ ఆఫ్ అయినంత మాత్రాన కేబుల్‌లో కరెంటు లేదని కాదు, రెండో వైపు నుంచి ఇంకో ఫీడర్ ఎక్కి ఉండొచ్చు. దానికి తోడు ప్రతి అపార్ట్‌మెంట్‌లో జనరేటర్, కొన్నిటి మీద సోలార్. చేంజ్‌ఓవర్ సరిగ్గా లేని ఒక్క జనరేటర్ చాలు, 433 వోల్టుల వైపు నుంచి ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి 11 కేవీ పుట్టడానికి. అందుకే వరస తప్పొద్దు: ఆఫ్ చేయడం, తాళం వేసి బోర్డు కట్టడం, డిటెక్టర్‌తో కరెంటు లేదని చూడడం, ఆ తర్వాత ఎర్త్ చేయడం. డిటెక్టర్‌ను కూడా ముందు కరెంటు ఉన్న చోట పెట్టి పనిచేస్తోందని చూసుకుని, ఆ తర్వాత మన కేబుల్ మీద పెట్టాలి.

ఆర్‌ఎంయూలో ఎర్త్ స్విచ్ వేసే ముందు అవతలి చివర ఐసొలేటర్ (లైను విడదీసే స్విచ్) తెరిచి ఉందని అక్కడ నిలబడ్డ మనిషి నోటితో వినండి. అవతల కరెంటు ఉండగా ఇవతల ఎర్త్ వేస్తే మీ చేతులతో మీరే షార్ట్ చేసినట్టు. ఫోన్‌లో చెప్పుకునేటప్పుడు ఆర్‌ఎంయూ నంబరు, వే నంబరు (అందులో ఏ స్విచ్ అన్నది) రెండూ పలకాలి, విన్నవాళ్ళు తిరిగి చెప్పాలి. అవతల లైన్‌మన్ కన్నడంలో మాట్లాడితే మీకు సగమే అర్థమవుతోందా? మొహమాటపడకండి, రెండోసారి అడగండి.

ఇంకొకటి. కేబుల్ పెద్ద కెపాసిటర్ లాంటిది. మెగ్గర్ తీసేశాక కూడా చార్జి పట్టుకునే ఉంటుంది. టెస్ట్ చేసినంత సేపటికి కనీసం నాలుగు రెట్లు డిస్చార్జ్ రాడ్‌తో ఎర్త్ చేసి ఉంచి, ఆ తర్వాతే చేయి పెట్టండి.

సబ్‌స్టేషన్‌లో ఏం అడగాలి

బండి ఎక్కే ముందు సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కి ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కోండి. ఏ రిలే (ఫాల్ట్ పసిగట్టి బ్రేకర్‌ను ఆఫ్ చేయించే పరికరం) పనిచేసింది, ఎర్త్ ఫాల్టా, ఓవర్‌కరెంటా? ఆర్, వై, బి ఫేజుల్లో వేటి ఫ్లాగులు (రిలే చూపే గుర్తులు) పడ్డాయి? రిలేలో ఎన్ని ఆంపియర్లు నమోదయ్యాయి? ఎర్త్ ఫాల్ట్ ఒక్కటే పడితే ఒక కోర్‌కి (కేబుల్ లోపలి ఒక ఫేజు తీగకి), భూమికి మధ్య దెబ్బ. వై, బి ఫేజుల ఓవర్‌కరెంట్ ఫ్లాగులు కలిసి పడితే రెండు కోర్లూ దెబ్బతిన్నాయి. జేసీబీ పళ్ళు దిగిన కేబుల్ ఎక్కువగా ఇలాగే చెబుతుంది. ఆంపియర్లు మరీ ఎక్కువగా ఉంటే ఫాల్ట్ సబ్‌స్టేషన్‌కి దగ్గర్లో ఉండే అవకాశం ఎక్కువ, తక్కువగా ఉంటే దూరంలో. ఇది కొలత కాదు, ఎటు బయల్దేరాలో తేల్చుకోవడానికి పనికొచ్చే సూచన మాత్రమే.

నాలుగో ప్రశ్న ఆపరేటర్‌కి కాదు, రోడ్డుకి: ఈ రూటులో ఇవాళ ఎవరు తవ్వుతున్నారు? ఫైబర్ కేబుల్ కోసం రోడ్డు కింద అడ్డంగా డ్రిల్లింగ్ చేసేవాళ్ళు, నీళ్ళ పైపు వాళ్ళు, డ్రెయిన్ కాంట్రాక్టర్లు. ట్రిప్ అయిన సమయం తెలుసుకుని రూటు మీద బైకు మీద ఒక రౌండ్ వేయండి. కొత్త మట్టి కుప్ప, హడావిడిగా పూడ్చిన గుంట, అప్పుడే సర్దేసి వెళ్ళిపోతున్న డ్రిల్లింగ్ మిషను కనిపిస్తే సగం పని అక్కడే అయిపోయినట్టు. టీ కొట్టు ఆయన్ని అడిగినా చెబుతాడు, ఎన్నింటికి 'ఢాం' అని వినిపించిందో.

ఫీడర్‌లో కొంత భాగం స్తంభాల మీద ఉంటే ముందు అది చూడండి, కంటికి కనిపించేదే తొందరగా తేలుతుంది. మార్చి నుంచి మే దాకా ఇక్కడ సాయంత్రం గాలివానలకు కొమ్మలు విరిగి లైన్ల మీద పడడం మామూలే. పగిలిన పిన్ ఇన్సులేటర్, కాలిపోయిన అరెస్టర్ (పిడుగు దెబ్బను భూమికి పంపేది), ఊడిన జంపర్, డీఓ ఫ్యూజు (కాలితే కిందికి వేలాడే ఫ్యూజు) దగ్గర చచ్చిపడి ఉన్న ఉడుత, ఇవీ చూడాలి. తీగ తెగి కింద పడిందని ఎవరైనా చెబితే అది తేలేదాకా ఫీడర్ చార్జ్ చేయనివ్వొద్దు. ఎండిన నేల మీద, సిమెంటు మీద పడ్డ తీగకి రిలే కదిలేంత కరెంటు పోకపోవచ్చు, బ్రేకర్ ట్రిప్ కాదు, తీగలో మాత్రం ప్రాణం తీసే వోల్టేజీ ఉంటుంది. 2023 నవంబర్‌లో కాడుగోడి దగ్గర ఫుట్‌పాత్ మీద పడి ఉన్న తీగ తగిలి ఒక తల్లి, చేతిలో చంటిబిడ్డ చనిపోయారు. పది మీటర్ల దూరంలో జనాన్ని ఆపండి, మీరూ ఆగండి.

ఏ ముక్కలో ఉంది?

సబ్‌స్టేషన్ నుంచి మొదలై ఆర్‌ఎంయూ 1, 2, 3, 4, 5 వరసగా ఉన్న ఫీడర్ అనుకుందాం. ఆర్‌ఎంయూల్లో ఫాల్ట్ ప్యాసేజ్ ఇండికేటర్లు ఉంటే పని తేలిక. ఫాల్ట్ కరెంటు తన గుండా పోయిన ప్రతిచోటా ఇండికేటర్ మినుకుమంటుంది, ఫాల్ట్ దాటాక ఉన్నది మినుకుమనదు. 1, 2, 3 వెలిగి 4 వెలగకపోతే ఫాల్ట్ 3కి, 4కి మధ్య ఉన్న కేబుల్‌లో ఉంది. అయితే వెలగనిది బ్యాటరీ అయిపోయి వెలగలేదేమో, టెస్ట్ బటన్ నొక్కి చూడండి. 4లో బ్యాటరీ అయిపోయి 5 మాత్రం వెలుగుతుంటే మీరు తప్పు ముక్క దగ్గర రాత్రంతా కూర్చుంటారు.

ఇండికేటర్లు లేకపోతే సగానికి విడగొట్టడమే పద్ధతి. మధ్యలో ఆర్‌ఎంయూ 3 దగ్గర తెరవండి. మొదటి సగం బాగుందా లేదా చూడండి. బాగుంటే ఫాల్ట్ రెండో సగంలో, మళ్ళీ దాన్ని సగం చేయండి. చివరి నుంచి ఒక్కో ఆర్‌ఎంయూ తెరుచుకుంటూ రావడం కంటే ఇలా చాలా తొందరగా తేలుతుంది.

బాగుందా లేదా అన్నది ఎలా చూడాలనే దగ్గరే చాలా టీములు తొందరపడతాయి. ఐసొలేటర్ తెరిచి, సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి "ఒకసారి చార్జ్ చేయండి సార్" అంటారు. నిలిస్తే బాగున్నట్టు, ట్రిప్ అయితే ఫాల్ట్ ఉన్నట్టు. ఇది తేలికే, కానీ చార్జ్ చేసిన ప్రతిసారీ వేల ఆంపియర్లు ఆ ఫాల్ట్ లోకి పోతాయి. దారిలో ఉన్న ప్రతి జాయింటూ, సబ్‌స్టేషన్ పవర్ ట్రాన్స్‌ఫార్మర్ వైండింగూ ఆ దెబ్బ తింటాయి. ఒక పాత జాయింట్ అప్పుడే తెగి, ఒక ఫాల్ట్ రెండవుతుంది. మెగ్గర్ చేతిలో ఉండగా చార్జ్ చేసి చూడడం ఎందుకు? ముక్కకి పది, పదిహేను నిమిషాలు ఎక్కువ పట్టినా మెగ్గర్‌తోనే తేల్చండి. నా ఉద్దేశంలో ఫీడర్ ట్రిప్ అయ్యాక చేసే మొదటి చార్జింగ్, ముక్క విడదీశాక బాగున్న భాగానికే జరగాలి.

ముక్క తేలగానే దాన్ని రెండు వైపులా తెరిచి, మిగతా ఆర్‌ఎంయూలకు రెండు వైపుల నుంచీ సరఫరా ఇప్పించండి. దీనితో చాలామందికి కరెంటు వచ్చేస్తుంది, మీ మీద టెన్షన్ తగ్గుతుంది. ఇక నింపాదిగా పనిచేయొచ్చు.

రింగు లేని చిన్న లేఅవుట్లలో ఫిర్యాదు వేరేలా కూడా రావొచ్చు. కొన్ని ఇళ్ళలో బల్బులు విపరీతంగా వెలుగుతున్నాయి, కొన్నిట్లో మినుకుమంటున్నాయి అంటే అది హెచ్‌టీ ఫాల్ట్ కాదు, ఎల్‌టీ (ఇళ్ళకు వచ్చే తక్కువ వోల్టేజీ) వైపు న్యూట్రల్ ఊడింది. వెంటనే ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఎల్‌టీ ఆఫ్ చేయించండి, ఆలస్యమైతే ఫ్రిజ్‌లు, టీవీలు కాలిపోతాయి.

ఏ రకం ఫాల్ట్?

ఇప్పుడు ఆర్‌ఎంయూ 3 నుంచి 4 దాకా ఉన్న ముక్క మన చేతిలో ఉంది. దానికి ఏదీ తగిలి ఉండకూడదు: ట్రాన్స్‌ఫార్మర్, పీటీ (వోల్టేజీ కొలవడానికి పెట్టే చిన్న ట్రాన్స్‌ఫార్మర్), అరెస్టర్ అన్నీ విడిపించాలి. మధ్యలో టీ జాయింట్ కొట్టి ఎవరికైనా సర్వీసు ఇచ్చి ఉంటే అది మరిచిపోతారు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ గుండా ఆర్‌కి, వైకి మధ్య మెగ్గర్ సున్నా చూపిస్తుంది, మీరేమో ఫేజుల మధ్య షార్ట్ అనుకుంటారు.

11 కేవీ కేబుల్‌కి 5 కేవీ మెగ్గర్ వాడండి. ఆర్-ఎర్త్, వై-ఎర్త్, బి-ఎర్త్, తర్వాత ఆర్-వై, వై-బి, బి-ఆర్. ఆరు రీడింగులూ కాగితం మీద రాసుకోండి, బుర్రలో పెట్టుకోవద్దు. ఆ తర్వాత అవతలి చివర మూడు కోర్లూ కలిపి షార్ట్ చేయించి, ఇవతల నుంచి కంటిన్యుటీ చూడండి. 400 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కోర్ నిరోధం కిలోమీటరుకి సుమారు 0.078 ఓమ్, అంటే కిలోమీటరు కేబుల్‌లో పోను రాను కలిపి 0.16 ఓమ్ దగ్గర. మామూలు మల్టీమీటర్‌లో ఇది సున్నాలాగే కనిపిస్తుంది. మనకు కావలసింది ఆ అంకె కాదు, మూడు జతలూ ఒకలా ఉన్నాయా, ఏదైనా కోర్ తెగి ఓపెన్ చూపిస్తోందా అన్నది.

ఇక్కడ చాలామంది వదిలేసే చిన్న పని ఒకటుంది. మెగ్గర్ సున్నా చూపించిన ఫేజ్ మీద మెగ్గర్ తీసేసి, డిస్చార్జ్ చేసి, మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి మళ్ళీ చూడండి. మెగ్గర్ మెగాఓముల లెక్కలో చూస్తుంది, దానికి 20 ఓములైనా, 20 వేల ఓములైనా ఇంచుమించు సున్నాయే. తర్వాత ఏ మిషను వాడాలో తేల్చేది మాత్రం ఈ తేడాయే. పది, ఇరవై, వంద ఓములుంటే తక్కువ నిరోధం ఫాల్ట్, టీడీఆర్‌కి (పల్స్ పంపి దూరం చెప్పే మిషనుకి) నేరుగా కనిపిస్తుంది. వేల ఓములుంటే టీడీఆర్ దాన్ని దాటేసి పోతుంది, సర్జ్ (ఒక్కసారిగా కొట్టే అధిక వోల్టేజీ దెబ్బ) సాయం కావాలి. రెండు ఓముల లోపుంటే కోర్ లోహం భూమికి దాదాపు అతుక్కుపోయినట్టు. అక్కడ తంపర్ (సర్జ్ దెబ్బలతో ఫాల్ట్ దగ్గర చప్పుడు పుట్టించే మిషను) కొట్టినా నిప్పురవ్వ పుట్టదు, కాబట్టి చప్పుడూ రాదు. ఇది ముందే తెలిస్తే ఆ రాత్రి హెడ్‌ఫోన్ పెట్టుకుని రోడ్డంతా తిరగాల్సిన పని ఉండదు.

మెగ్గర్‌లో అన్నీ బాగున్నా బ్రేకర్ మాత్రం నిలవడం లేదా? అది వోల్టేజీ ఎక్కాక మాత్రమే తెగే (ఇన్సులేషన్ గుండా కరెంటు దూకే) ఫాల్ట్. నీళ్ళు చేరిన జాయింట్లు ఇలా ఏడిపిస్తాయి. వానలో ట్రిప్ అవుతుంది, మర్నాడు ఎండకి మెగ్గర్ బ్రహ్మాండంగా వస్తుంది.

ఎన్ని మీటర్ల దూరంలో?

టీడీఆర్ పని సూటిగా ఉంటుంది. కేబుల్‌లోకి చిన్న పల్స్ పంపిస్తుంది. ఇంపెడెన్స్ (పల్స్‌కి కేబుల్ చూపే అడ్డు) మారిన చోట అది తగిలి కొంత వెనక్కి వస్తుంది. పోయి రావడానికి పట్టిన కాలాన్ని వేగంతో గుణించి సగం చేస్తే దూరం. ఎక్స్‌ఎల్‌పీఈ (ఒక రకం ప్లాస్టిక్ ఇన్సులేషన్) కేబుల్‌లో పల్స్ వేగం మైక్రోసెకనుకి సుమారు 160 నుంచి 170 మీటర్లు. చాలా మిషన్లలో సగం వేగాన్నే పెట్టమంటారు, అంటే 80 నుంచి 85. ఉదాహరణకు 84 పెట్టినప్పుడు 7 మైక్రోసెకన్లకు ప్రతిధ్వని వస్తే దూరం 588 మీటర్లు. తెర మీది గీత కిందికి దిగితే షార్ట్, పైకి లేస్తే తెగిన కోర్ లేదా కేబుల్ చివర.

ఒంటి గీతను నమ్మొద్దు. బాగున్న ఫేజ్ గీత ముందు తీసి దాచుకోండి, తర్వాత పాడైన ఫేజ్ గీత దాని మీద వేసి చూడండి. ప్రతి జాయింట్ దగ్గరా గీత చిన్నగా వంకరపోతుంది, అవి రెండు గీతల్లోనూ ఒకేలా ఉంటాయి. రెండూ ఎక్కడ విడిపోతాయో అక్కడ కర్సర్ పెట్టండి. ఆ విడిపోయే చోటు ఒక జాయింట్ వంకర మీదే పడితే, ఫాల్ట్ ఆ జాయింట్‌లోనే ఉందని దాదాపుగా అనుకోవచ్చు. కేబుల్ కంటే జాయింట్ పోవడమే మనం ఎక్కువ చూస్తాం.

వేగం సరిగ్గా పెట్టారో లేదో తేల్చడానికి రెండు చివర్ల నుంచీ కొలవండి. ఇవతల నుంచి 624, అవతల నుంచి 416 వచ్చిందనుకుందాం. కలిపితే 1040. కానీ డ్రాయింగ్ ప్రకారం కేబుల్ పొడవు 1000 మీటర్లే. అంటే మీరు పెట్టిన వేగం నూటికి నాలుగు ఎక్కువైంది. రెండిటినీ 1.04తో భాగిస్తే 600, 400. ఇరవై నాలుగు మీటర్ల తేడా చిన్నదేమీ కాదు, తారు రోడ్డు దాటి అవతలి కాంక్రీటు మీదికి తీసుకెళ్ళగలదు. డ్రాయింగ్ మీద నమ్మకం లేకపోతే (నమ్మకం ఉండే డ్రాయింగులు తక్కువే) బాగున్న ఫేజ్‌లో చివర గీత ఎక్కడ పడుతోందో చూసి పొడవు సరిచూసుకోండి.

నిరోధం ఎక్కువున్న ఫాల్ట్‌కి ఆర్క్ రిఫ్లెక్షన్ పద్ధతి వాడాలి. సర్జ్ మిషను ఒక్క దెబ్బ కొట్టి ఫాల్ట్ దగ్గర నిప్పురవ్వ పుట్టిస్తుంది. ఆ రవ్వ వెలిగే కాస్త వ్యవధిలో ఫాల్ట్ షార్ట్‌లా ప్రవర్తిస్తుంది, సరిగ్గా అప్పుడే టీడీఆర్ ఫొటో తీస్తుంది. కేబుల్ టెస్ట్ వ్యాన్‌లో ఇవన్నీ కలిపే ఉంటాయి. ఒకటి రెండు దెబ్బల్లో గీత వస్తే చాలు, ఆపేయండి.

కోర్ భూమికి గట్టిగా అతుక్కుని, ఇంకో కోర్ ఆరోగ్యంగా ఉంటే ముర్రే లూప్ బ్రిడ్జి (నిరోధాల నిష్పత్తితో దూరం తేల్చే పద్ధతి) ఇప్పటికీ నమ్మకమైనదే. అవతలి చివర పాడైన కోర్‌ని బాగున్న కోర్‌తో మందపాటి లింకుతో కలపండి. కలిపే చోట తుప్పు, వదులు ఉంటే లెక్కంతా పోతుంది, బోల్టు బిగించాలి, క్లిప్పులు చాలవు. కేబుల్ 600 మీటర్లయితే లూపు 1200 మీటర్లు. బ్రిడ్జి 0.35 దగ్గర బ్యాలెన్స్ అయితే ఫాల్ట్ 1200లో 0.35 వంతు, అంటే 420 మీటర్ల దగ్గర. మధ్యలో వేరే సైజు కేబుల్ అతికి ఉంటే మాత్రం ఆ ముక్క పొడవును నిరోధం లెక్కన మార్చి కలపాలి. 240 చదరపు మిల్లీమీటర్ల కోర్ 100 మీటర్లు, 400 కోర్ 160 మీటర్లకు దాదాపు సమానం.

దారి తెలియకుండా దూరం కొలవొద్దు

600 మీటర్లు అంటే రోడ్డు మీద టేపు పెట్టి 600 కాదు. ఆర్‌ఎంయూలోకి లేచిన ముక్క, జాయింట్ దగ్గర వదిలిన చుట్ట, చెట్టు తప్పించడానికి వేసిన వంపు, ఇవన్నీ ఆ 600లోనే ఉన్నాయి. కేబుల్‌లోకి ఆడియో ఫ్రీక్వెన్సీ సిగ్నల్ పంపి, రిసీవర్ కాయిల్‌తో దారి పట్టుకుంటూ నడవండి. ప్రతి అయిదారు మీటర్లకు సున్నంతో గుర్తు పెట్టండి. ఆ గుర్తుల వెంబడి వీల్ మీటర్ తోయండి. కాయిల్‌ను 45 డిగ్రీలు వంచి పక్కకి జరిగితే సిగ్నల్ పోయే చోటికి ఉన్న దూరమే కేబుల్ లోతు. ఐఎస్ 1255 ప్రకారం 11 కేవీ కేబుల్ 90 సెంటీమీటర్ల లోతులో ఉండాలి, ఎల్‌టీ కేబుల్ 75లో. రోడ్డు ఎత్తు పెంచిన చోట రెండు మీటర్లూ ఉండొచ్చు, కాలువ పక్కన అడుగులోనే తగలొచ్చు. లోతు అంకె కూడా సున్నం పక్కనే రాసి పెట్టండి, తవ్వే గ్యాంగ్‌కి అదే ఆధారం.

సరిగ్గా ఏ చోట?

ఇప్పుడే తంపర్ పని. ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట్ల అర్ధరాత్రి దాటాక, ఒంటిగంటకి నాలుగింటికి మధ్య పెట్టుకోండి. పగలు లారీల రొదలో ఏదీ వినపడదు.

తంపర్ ఎర్త్‌ను కేబుల్ షీత్‌కీ (కోర్ల చుట్టూ ఉండే లోహపు పొరకీ), ఆర్‌ఎంయూ ఎర్త్‌కీ రెండిటికీ కలపాలి, పక్కనున్న పైపుకో గ్రిల్‌కో కాదు. అవతలి చివర మనిషి కాపలా ఉండాలి. తవ్విన చోటు నుంచి గానీ మ్యాన్‌హోల్ నుంచి గానీ గ్యాస్ వాసన వస్తే వెంటనే ఆపండి. ఇప్పుడు బెంగళూరులో చాలా వీధుల కింద ఇళ్ళకు వెళ్ళే గ్యాస్ పైపులున్నాయి, మనం పుట్టించేది నిప్పురవ్వ.

వోల్టేజీ ఎంత? ఫాల్ట్ తెగేంత, అంతకు మించి కాస్త. మిషను మీద 8, 16, 32 కేవీ అని రేంజ్‌లు ఉంటాయి. ఫాల్ట్ 7 కేవీ దగ్గర తెగుతోందంటే 16 రేంజ్‌లో సగం తిప్పడం కాదు, 8 రేంజ్‌కి మార్చండి. దెబ్బలో ఉండే శక్తి వోల్టేజీ వర్గం మీద ఆధారపడుతుంది. 16 కేవీ రేంజ్‌లో పూర్తి 1000 జౌళ్ళ మిషను, అదే రేంజ్‌లో 8 కేవీ దగ్గర 250 జౌళ్ళే ఇస్తుంది. 8 రేంజ్‌కి మారిస్తే లోపలి కెపాసిటర్లు వేరేలా కలిసి మళ్ళీ పూర్తి 1000 వస్తాయి. దెబ్బలో శక్తి నాలుగింతలు కావడానికి ఒక్క స్విచ్ చాలు. వినపడడం లేదని వోల్టేజీ పెంచుకుంటూ పోతే ఆరోగ్యంగా ఉన్న ఎక్స్‌ఎల్‌పీఈ కూడా దెబ్బతింటుంది, ముఖ్యంగా ఏళ్ళ తరబడి తేమలో ఉన్న పాత కేబుల్.

ఇప్పుడు టీడీఆర్ చెప్పిన చోటికి ఇరవై, ముప్ఫై మీటర్లు ముందు నుంచి మొదలుపెట్టండి. గ్రౌండ్ మైక్ నేల మీద పెట్టి, చేయి తీసేసి, ఊపిరి బిగబట్టి వినాలి. దెబ్బ పడగానే అయస్కాంత సిగ్నల్ తక్షణం వస్తుంది, శబ్దం మట్టిలోంచి కాస్త ఆలస్యంగా వస్తుంది. రెండిటి మధ్య వ్యవధిని మిషను మిల్లీసెకన్లలో చూపిస్తుంది. నడుస్తూ ఉంటే 9, 6, 3 అని తగ్గుతూ వచ్చి, మళ్ళీ 5, 8 అని పెరుగుతుంది. అన్నిటికంటే తక్కువ చూపిన చోటే ఫాల్ట్. శబ్దం గట్టిగా వినపడిన చోటు కాదు, వ్యవధి తక్కువైన చోటు. వదులు మట్టిలో కంటే పలక రాయి మీద, కాంక్రీటు మీద చప్పుడు ఎక్కువ మోగుతుంది, చెవి మోసపోతుంది.

"అన్నా, ఇక్కడ టక్కుమంటోంది, తవ్వించేద్దామా?" అని కుర్రాడు ఉత్సాహంగా పిలుస్తాడు. చోటు చూస్తే రోడ్డు క్రాసింగ్ పక్కనే ఉంటుంది. ఆగండి. కేబుల్ రోడ్డు కింద పైపులో ఉంటే ఫాల్ట్ మధ్యలో ఎక్కడున్నా చప్పుడు పైపు నోటి దగ్గరే బయటికొస్తుంది. రోడ్డుకి అవతలి పక్కకీ వెళ్ళి వినండి. రెండు నోళ్ళ దగ్గరా వినపడుతూ, ఎక్కడా వ్యవధి బాగా తగ్గకపోతే ఫాల్ట్ పైపు లోపలుంది. అప్పుడు మధ్యలో తవ్వే పని లేదు, ఆ క్రాసింగ్ ముక్క కోసి కొత్త కేబుల్ లాగి రెండు వైపులా జాయింట్ వేయాలి.

అతుక్కుపోయిన ఫాల్ట్ చప్పుడు చేయదని ముందే చెప్పాను. కోర్‌కి కోర్ అతుక్కుంటే ఆ రెండు కోర్ల మధ్య ఆడియో సిగ్నల్ పంపి రిసీవర్‌తో నడవండి. కోర్లు మెలి తిరిగి ఉంటాయి కాబట్టి సిగ్నల్ పెరుగుతూ తగ్గుతూ వస్తుంది, ఫాల్ట్ దాటగానే పడిపోతుంది. బయటి షీత్ ఒక్కటే చిరిగి ఉంటే నేలలో రెండు రాడ్లు గుచ్చి వోల్టేజీ చూసే పద్ధతి ఉంది, సూది ఎటు తిరిగితే అటు నడిచి, తిరగబడిన చోట ఆగాలి.

తవ్వడం

గుర్తు పెట్టిన చోట తంపర్ ఆపించి, కేబుల్ డిస్చార్జ్ చేసి, రెండు చివర్లా ఎర్త్ వేశాకే గడ్డపార దిగాలి. నగరపాలక సంస్థ నుంచి రోడ్డు కోత అనుమతి, మిగతా సంస్థల పైపుల సంగతి ముందే తేల్చుకోవాలి. 2023లో కేంద్రం తెచ్చిన 'కాల్ బిఫోర్ యూ డిగ్' యాప్ తవ్వేవాళ్ళకు, భూమిలో ఆస్తులున్న సంస్థలకు మధ్య సమాచారం కోసమే. మనం కూడా తవ్వేవాళ్ళమే, వాడాలి. మొదటి అరమీటరు దాటాక జేసీబీ వద్దు, చేతి పనే. ఇటుకలో, పలకలో తగిలితే కేబుల్ దగ్గర్లో ఉందని అర్థం. కింద ఇసుక కనిపిస్తుంది.

ఒకే గోతిలో నాలుగు కేబుళ్ళు పక్కపక్కనే ఉండొచ్చు, అన్నీ ఒకే రంగు, అన్నిటి మీదా అదే ఎర్రమట్టి. మనది ఏదో కంటితో తేల్చొద్దు. ఐడెంటిఫయర్‌తో సిగ్నల్ పంపి తేల్చుకుని, ఆ తర్వాత కూడా కోసే ముందు దూరం నుంచి పనిచేసే స్పైకింగ్ గన్‌తో పొడిచి చూడాలి. ఈ ఒక్క పని దగ్గర ఎంత సమయమైనా పోనివ్వండి.

పాడైన జాయింట్ తెరిస్తే కథంతా అందులోనే ఉంటుంది. హీట్ ష్రింక్ గొట్టం ఒక వైపు పేలి, లోపల కోర్ నుంచి షీత్ దాకా పెన్సిల్ గీతలా నల్లటి కార్బన్ దారి కనిపిస్తుంది. ఫెర్రూల్ (రెండు కోర్లను కలిపే లోహపు గొట్టం) అంచు గరుకుగా వదిలేశారా, సెమీకాన్ పొర (ఇన్సులేషన్ మీది నల్లటి సెమీకండక్టర్ పొర) అంచులో కత్తి గాటు పడిందా చూడండి. రెండు వైపులా కోర్ తీగలు విప్పి తెల్ల కాగితం మీద తుడవండి. తడి అంటితే నీళ్ళు తీగల వెంబడి లోపలికి పాకాయన్నమాట. పొడిగా, మెరుస్తూ ఉన్న లోహం దొరికేదాకా కోస్తూ వెళ్ళండి. రెండు జాయింట్లు వేయాల్సి వచ్చినా సరే. తడి కేబుల్ మీద వేసిన జాయింట్ వానాకాలం దాటదు.

మళ్ళీ చార్జ్ చేసే ముందు

జాయింట్ అయ్యాక మళ్ళీ ఆరు మెగ్గర్ రీడింగులు, తర్వాత 0.1 హెర్ట్జ్ వీఎల్‌ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ ఏసీ) టెస్ట్. పాత ఎక్స్‌ఎల్‌పీఈ కేబుల్‌కి డీసీ హైపాట్ (అధిక వోల్టేజీ డీసీ టెస్ట్) వద్దు, అది లోపల చార్జి నింపి, చార్జ్ చేసిన కొద్దిరోజులకే కొత్త ఫాల్ట్ తెస్తుంది. జాయింట్ వేసేటప్పుడు కోర్లు అటూ ఇటూ అయి ఉండొచ్చు కాబట్టి రింగు కలిపే ముందు ఆర్‌ఎంయూ 4 దగ్గర ఫేజింగ్ స్టిక్‌తో ఆర్‌కి ఆర్, వైకి వై, బికి బి తేల్చుకోండి. అన్ని ఎర్త్‌లూ తీసినట్టు, మనుషులందరూ బయటికొచ్చినట్టు పేరుపేరునా పిలిచి లెక్క చూసుకుని, ఎల్‌సీ ఎవరు తీసుకున్నారో వాళ్ళే తిరిగి ఇవ్వాలి.

గొయ్యి పూడ్చే ముందు జాయింట్ ఫొటో తీయండి. దగ్గర్లో కదలని రెండు గుర్తుల నుంచి, అంటే ఒక ఆర్‌ఎంయూ, ఒక కాంపౌండ్ గోడ మూల నుంచి, టేపు దూరం రాసుకోండి. జీపీఎస్ అంకెలు, లోతు, కేబుల్ సైజు, జాయింట్ కిట్ కంపెనీ, జాయింటర్ పేరు, టీడీఆర్ చూపిన దూరం, నిజంగా దొరికిన దూరం రిజిస్టర్‌లో ఎక్కించండి. ఆ తర్వాత ఇసుక, ఇటుకలు, హెచ్చరిక టేపు, మట్టి, ఇదే వరసలో పూడ్చి, పైన జాయింట్ మార్కర్ పాతించండి.